రాసే హక్కు

వల్పరైసోలో వాన. ఎలెయుతేరియో
లాప్‌టాప్‌ని చేపల సంచీలో పట్టుకొచ్చాడు.
"రాత్రంతా టర్నిప్‌లు నాటుతాను, సేవ్ చేస్తాను.
తెల్లారేసరికి మళ్ళీ బీడే, ఇస్మేనియా!"

గేమ్ బాగుంది. ఎమ్యులేటరూ బాగుంది.
ఫోల్డరే
చూడనిస్తుంది, రాయనివ్వదు.
మేనల్లుడు అడ్మిన్‌గా పెట్టి గనులకి వెళ్ళిపోయాడు.
దున్నేది ఇతను, పట్టా వాడిది.
"సేవ్ అయింది" అని తెర
నలభై రాత్రులు మర్యాదగా అబద్ధమాడింది.

పట్టా మార్చాను.
మూసి, తెరిచాను.
మూడు మొలకలు. నాటినచోటే.

"మరి ఆ నలభై రాత్రులో?"
పోలేదన్నాను, పోవడానికి
అసలెక్కడైనా పడితే కదా.

అరచేతులు తిప్పి చూసుకున్నాడు,
గోళ్ళలో మట్టి ఉండాలన్నట్టు.
డబ్బులకి బదులు
రెండు చేపలు బల్లమీద పెట్టి
వానలోకి నడిచాడు.
కీబోర్డు ఇంకా
ఉప్పువాసనే.