పట్టికలో లేని బండి

పదకొండూ నలభైకి వస్తుందన్నారు.
పన్నెండున్నరైనా రాలేదు.
ఆ ఒక్కటీ పాత రోజుల్లాగే ఉంది.

న్యూకాసిల్ సెంట్రల్, రెండో ప్లాట్‌ఫాం.
విల్లులా వంగిన కప్పు కింద
నిచ్చెనలు మోసుకొచ్చినవాళ్ళు,
పిల్లల్ని భుజాలకెత్తుకున్నవాళ్ళు,
ఎడిన్‌బరో బండి కోసం వచ్చి ఊరికే ఇరుక్కుపోయినవాళ్ళు.
వాళ్ళ మధ్య, చక్రాల కుర్చీలో మా అమ్మ,
తొంభై రెండేళ్ళ విన్నిఫ్రెడ్,
ఒళ్ళో చేతిసంచీ బిగించి పట్టుకుని
అప్పు వసూలుకొచ్చిన మనిషిలా.

ఇరవై ఆరేళ్ళు ఈ స్టేషన్‌కి నేనే గొంతు.
డరమ్, డార్లింగ్టన్, యార్క్...
బఠాణీలు ఒలిచినట్టు ఊళ్ళ పేర్లు
ఒక్కొక్కటే మైకులోకి రాల్చేదాన్ని.
ఇప్పుడా పని యంత్రానిది.
దానికి జలుబు చెయ్యదు.
దాని ఇంట్లో ఎవరూ దగ్గి దగ్గి పోరు.

ముందు వంతెన మీద తెల్లటి మబ్బు.
తర్వాత చప్పుడు,
చెవులకన్నా ముందు అరికాళ్ళు విన్నాయి.
అప్పుడొచ్చిందది.
ఆకుపచ్చ రంగు, ఇత్తడి తళుకు,
ముట్టుకుంటే మాసిపోయేంత నిగనిగ.
మసి పూసి మారేడుకాయ చెయ్యడం తెలుసు గాని
మసి కడిగి చెయ్యడం ఇదే చూడడం.
మా నాన్న కత్‌బర్ట్ ఎరిగిన ఇంజన్లు
గనిలోంచి పైకొచ్చిన గుర్రాల్లా ఉండేవి,
జిడ్డుగా, నల్లగా, ఎవరి మీదో కోపంగా.

నది అవతల గేట్స్‌హెడ్ షెడ్డులో ఆయన ఫైర్‌మన్.
పార పట్టీ పట్టీ
కుడిభుజం ఎడమదానికన్నా లావు.
అమ్మ ఆయన చొక్కాలన్నిటికీ
ఒక్కవైపే కుట్లు వదులు చేసేది.

సోమవారం ఉతుకు రోజు.
పెరట్లో నిలబడి, వేలు తడిపి, గాలిలోకి ఎత్తేది.
షెడ్డు వైపు నుంచి వీస్తుంటే
దుప్పట్లు తొట్టిలోనే.
ఒకసారి గాలి మాట తప్పింది.
తీగ మీది తెల్లటి దుప్పట్లన్నీ
చుక్కల కోడిపెట్టలైపోయాయి.
ఆ రాత్రి నాన్న పళ్ళెంలో
ఉడకని బంగాళాదుంప ఒక్కటి పెట్టింది.
ఆయన నవ్వకుండా,
ఉప్పు చల్లుకుని,
మొత్తం తినేశాడు.

బండి ఆగింది. చప్పట్లు.
దిగినవాళ్ళకి కాదు, ఇంజనుకే.
అలవాటుకొద్దీ పైకి చూశాను, ప్రకటన కోసం.
పట్టికలో లేని బండి గనక
యంత్రానికి దాని పేరు తెలీదు.
కాబట్టి నేనే అన్నాను,
నా పెదవులకి మాత్రమే వినిపించేలా:
లండన్ నుంచి రావలసిన బండి
అరవై ఏళ్ళు ఆలస్యంగా నడుస్తున్నది.
ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి...
అక్కడ ఆగిపోయాను.
అసౌకర్యం ఎవరిదో తేలలేదు.

ఫైర్‌మన్ కిందికి దిగింది.
అవును, దిగింది. పాతికేళ్ళ పిల్ల,
మామూలు రోజుల్లో పళ్ళ డాక్టరు దగ్గర పనట.
నుదుటి మీద నల్లటి చార.
అమ్మ గాలి పీల్చి చూసింది.
"ఇది మన బొగ్గు కాదు."
ఆ పిల్ల తల దించుకుంది, తప్పు తనదైనట్టు.
ఓడలో వస్తుందండీ, చాలా దూరం నుంచి.
ఇక్కడి గనులు ఎప్పుడో పూడ్చేశారుగా.

అమ్మ ఏమీ అనలేదు కాసేపు.
"చేతులు చూపించు" అంది.
బొబ్బలు. రెండు చితికినవి, ఒకటి కొత్తది.
చేతిసంచీ తెరిచింది.
ఫొటో తీస్తుందనుకున్నాను.
రేకు డబ్బా తీసింది, పేరు చెరిగిపోయిన మలాం డబ్బా,
నాన్న చేతులకి రాసేదే.
ఎన్నేళ్ళనాటిదో, ఎందుకు తెచ్చిందో నేనడగలేదు.
ఆ పిల్ల అరచేతుల్లో మెల్లగా రుద్దింది,
రెండింటికీ కాదు, ముందు కుడిచేతికి.

బండి కదిలినప్పుడు తెలిసింది,
చివర్న ఒక డీజిల్ ఇంజను తోస్తోందని,
మాట్లాడకుండా.
దాన్నెవరూ ఫొటో తియ్యలేదు.

బయట టాక్సీ వరసలో
అమ్మ వేలు తడిపి గాలిలోకి ఎత్తింది.
"ఇవాళ ఏ వారం?"
శనివారమమ్మా.
"అయితే పరవాలేదు."