నిరభ్యంతరం

పదకొండు నిమిషాల సినిమా.
కథ అంబికది, కెమెరా జోయెల్‌ది.
నాది ఫైలు.
ఆకుపచ్చ అట్ట, జిప్పు పోయిన సంచి.
వాళ్ళ కల తడవకుండా మోసుకు తిరిగే పని.

మొదట హార్బరు ఆఫీసు.
గుమస్తా కళ్ళద్దాలు నుదుటికి ఎత్తి
"కథేంటమ్మా?" అన్నాడు.
చేపల గంప మోసే మనిషి ఒక రోజు, అన్నాను.
"అందులో కథేముంది?"
జవాబు లేదు నా దగ్గర.
దరఖాస్తు మాత్రం మూడు ప్రతులుంది.
గేటు అవతల ఇంకో ఆఫీసు, ఇంకో ముద్ర.
జెట్టీ ఒకళ్ళది, దారి ఒకళ్ళది,
అల ఎవరిదో ఎవరూ చెప్పలేదు.

డ్రోన్ అనగానే
ఎస్సై టీ గ్లాసు కింద పెట్టేశాడు.
"నేవీ ఉన్న ఊరమ్మా ఇది."
అంబిక రాసుకున్న ఆరో పేజీలో
పైనుంచి పడవలు నువ్వుగింజల్లా కనపడాలి.
ఆ పేజీ చింపలేదు, మడిచాను.
పాత ఊళ్ళో వీధి వీధీ తిరిగి
సముద్రం కనపడే మూడంతస్తుల డాబా పట్టాం.
ఇంటావిడ అద్దె అడగలేదు,
ఎండబెట్టిన వడియాల మీద మా నీడ పడకూడదంది.
అదీ రాసుకున్నాను, షరతుల కింద.

లెన్సు అద్దె రోజుకి పద్దెనిమిది వందలు,
హామీగా జోయెల్ వాళ్ళ నాన్న బండి ఆర్సీ.
ఉప్మా పొట్లాలు ఇరవై రెండు.
'వాన పడితే' అన్న గడిలో ఏం రాయాలో తెలీక
'చూద్దాం' అని రాశాను.
మాస్టారు దాని కింద ఎర్రగీత గీశారు.

తెల్లవారుజాము నాలుగున్నర.
వేలంపాట అరుపుల మధ్య
సూరాడ పోలమ్మ ముందు అంగీకార పత్రం పెట్టాను.
"సదువు" అంది.
చదివాను.
నా ముఖమును, నా కంఠమును, నా కదలికలను
విశ్వమందు ఎక్కడైనను, ఎప్పటికైనను,
ఇప్పుడున్న, ఇకపై పుట్టబోవు ఏ సాధనమందైనను...
ఎక్కడో దొరికిన నమూనా. తెలుగు చేసింది నేనే.
చదువుతుంటే నా గొంతు నాకే
పొలం రాయించుకునే షావుకారు గొంతులా వినపడింది.

పోలమ్మ వంజరం తోక పట్టి బరువు చూస్తూ
"ఎప్పటికైనా అంటే? నాను సచ్చినాక కూడానా?"
అవును.
"మరి నాకేటిస్తావు?"
వెయ్యి రూపాయలు, టిఫిను, చివర్లో పేరు.
చేప కింద పెట్టింది.
"అయితే నాను సెప్పింది కూడా రాయి, గుంటా.
మా యింటి గోడ మీద బోటు నంబరుంటాది, అది తియ్యకు.
ఆ బోటు తిరిగి రానేదు.
బేరం పోయినప్పుడు నా మొకం తియ్యకు.
కాళ్ళు తీసుకో, పర్లేదు.
వేట ఆపేసిన రెండు నెల్లూ ఇటు రాకండి.
అప్పుడు నాను నాను కాదు."

తడి కాగితం మీద పెన్ను జారింది.
అచ్చులో ఉన్న విశ్వాన్ని కొట్టేశాను,
పుట్టబోయే సాధనాల్నీ కొట్టేశాను.
ప్రతి కొట్టివేత పక్కన
నా పొట్టి సంతకం, ఆవిడ వేలిముద్ర.
సిరా కంటే ముందు పొలుసు అంటుకుంది.

ఒక్కటి తేలలేదు.
పక్క బోటు రేడియోలో మోగిన సినిమా పాట
కోసెయ్యాలి, హక్కులు మనవి కావు.
కానీ దాని వెనకే, ఐసు కొడుతూ
పోలమ్మ తీసిన కూనిరాగం
షాహిద్ మైకులో పడింది.
అది లేకపోతే సినిమా లేదంటుంది అంబిక.
ఫారంలో గడి ఉంది: స్వరకర్త.

"మాయమ్మ అనేది. ఆవిడికి వోళ్ళమ్మ.
ఎవుల్నడుగుతావు?"
నవ్విందో, ఐసు పొడి కంట్లో పడిందో.

ముప్పై ఆరు సంతకాలయ్యాయి.
ఆ గడి ఖాళీగానే ఉంది.
రేపు ఆరింటికి మొదటి షాటు.
జెట్టీ చివర నిలబడి
నాలుగో పేజీ గాలికి ఆరబెడుతున్నాను.
సిరా ఆరింది.
పొలుసు రాలటం లేదు.