పన్నెండు ముళ్ల తాడు

గురువారం మూడున్నరకి లాటిన్ అయిపోతుంది.
మూడు నలభైకి నేను మొదలవుతాను.
బడి కరపత్రంలో 'అదనపు విద్య' కింద,
కత్తిసాముకీ తేనెటీగల పెంపకానికీ నడుమ
ఇరుకు అక్షరాల్లో ఉంటుంది నా గంట:
'తాడుతో రేఖాగణితం. ఆర్విల్ ట్వేట్, రిటైర్డ్ సర్వేయరు.
వెచ్చని బూట్లు తప్పనిసరి.'

ఈ బడి ఒకప్పుడు ట్రాక్టర్ల షాపు.
నేల మీద గ్రీజు మరక ఇంకా వదల్లేదు.
దాని మీదే నించుని ఆరేళ్ల పిల్లలు
ఊగుతూ విభక్తులు అప్పజెబుతారు.
అర్థం తర్వాత వస్తుందట, ముందు నోరు తిరగాలట.
మధ్య తరగతులకి తర్కం. పెద్దవాళ్లకి వక్తృత్వం.
మా రోజుల్లో ఎదురు వాదిస్తే బెత్తం విరిగేది,
ఇక్కడ మార్కులు వేస్తారు.

నా సిలబస్ ఒక్క తాడు.
పన్నెండు ముళ్లు, ముడికీ ముడికీ మూరెడు.
మూడు, నాలుగు, అయిదు ముళ్ల దగ్గర
ముగ్గురు పిల్లలు పట్టుకుని బిగించి లాగితే
మంచు మీద లంబకోణం లేస్తుంది.
రెడ్ రివర్ లోయ గాలికి చెవులు మండుతుంటే
"నిలబడింది!" అని అరిచాడు ఆన్సెల్ లుండే.
కోణమా, తనా, నేను అడగలేదు.

జనవరిలో సోల్వెగ్ బ్రెక్కె చెయ్యెత్తింది.
పదమూడేళ్లు, పళ్లకి తీగలు, తర్కం తరగతి.
"మీరు గీసిన గీత తిన్నగా ఉందని మీకెలా తెలుసు?"
"నలభై ఏళ్లుగా గీస్తున్నానమ్మా."
"అది రుజువు కాదండీ, అలవాటు."

ఆ మాట నా కారెక్కి ఇంటిదాకా వచ్చింది.
భోజనాల బల్ల దగ్గర ఎదురు కుర్చీలో కూచుంది.

డెబ్భై తొమ్మిది నవంబరు.
బ్రెక్కె చేనుకీ లుండే చేనుకీ మధ్య
ఇనప గుంజ పాతింది నేనే.
వడగళ్లు మొదలయ్యాయి, వెలుతురు పోతోంది,
ఆఖరి కొలత కొలవకుండా రాసేశాను.
ఆరేళ్ల తర్వాత వేరే పని మీద వెళ్లి చూసుకున్నాను.
పదకొండు అడుగులు.
చూసి, పుస్తకం మూసి, కాఫీ తాగాను.

మార్చిలో మంచు కరిగాక
పిల్లల్ని ఆ గుంజ దగ్గరికి తీసుకెళ్లాను.
"సరి చూడండి" అన్నాను. ఇంకేమీ చెప్పలేదు.
బురదలో మోకాళ్లు ఆనించి
తాడుతో మూల కట్టి, టేపుతో అర మైలు నడిచి
సోల్వెగ్ మూడుసార్లు లెక్క వేసింది.
మూడోసారి తలెత్తి నన్ను చూసింది.

"ఇరవై రెండు అంగుళాలకో వరస," అంది మెల్లగా.
"పదకొండు అడుగులకి ఆరు వరసలు.
ఏటా బీట్‌దుంపలు నాటినప్పుడల్లా
ఆరు వరసలు తగ్గాయనేవాడు తాతయ్య.
ముసలాడి చాదస్తం అనేవాళ్లం అందరం."
రెండో మూల పట్టుకున్న ఆన్సెల్
తాడు వదల్లేదు, బిగించనూ లేదు.
వాడి మొహం వైపు నేను చూడలేకపోయాను.

లాటిన్ చెప్పే మిస్ ప్రూయిట్ కూడా వచ్చింది, గొడుగు పట్టుకుని.
తప్పు చెయ్యడానికీ దారీతెన్నూ లేక తిరగడానికీ
ఆ భాషలో ఒకటే క్రియ అంది, ఎవరితోనో కాదు, గాలితో.
దారి తప్పినవాణ్ణి నేనొక్కణ్ణే కాను,
గుంజ కూడా నలభై ఏళ్లుగా
పరాయి మట్టిలో నిలబడి ఉంది.

సోల్వెగ్ ఈ వసంతంలో ప్రసంగం రాస్తోంది.
దేని గురించో చెప్పదు.
ఆ రెండిళ్లకీ నేను ఉత్తరాలు రాశాను,
ఒకరు జవాబిచ్చారు. ఎవరో చెప్పను.

తడిసిన తాడు సాగుతుంది.
ఈ గురువారం పాఠం లేదు,
ముళ్లన్నీ విప్పి మళ్లీ వేస్తున్నాం.
గోళ్లు నొప్పెడుతున్నాయి. ఏడో ముడి రావడం లేదు.
"ఇలా ఇవ్వండి," అంది ఆ పిల్ల,
పంటితో పట్టి లాగుతూ.