తోడుతాడు

మా దా ఒకటిన్నర రోజే బతుకుతుంది.
తెల్లారి తీపి, మధ్యాహ్నానికి మాట తడబడేంత,
మర్నాటికి పులుపు, ఆ పైన పందులకు.
దాచుకునే సరుకు కాదు.
అందుకే నాందోమ్ దారి మలుపులో
నలుగురు ఆడవాళ్ళం వంతులు కట్టుకున్నాం.

గౌదెన్షియా ఇంట్లో జొన్నలు నానుతుంటే
యూలేలియా ఇంట్లో ఆకుల కింద
మొలకలు తెల్లగా తోకలు చాపుతుంటాయి.
పెర్పెతువా కాగు కింద రెండు పగళ్ళు పొయ్యి ఆరదు.
నా అరుగు మీద పోత.
ఎవరి వంతైనా సొరబుర్రకు నాగా లేదు.

లెక్క ఎవరూ రాయరు.
ముసలి బాయువోను చూస్తే చాలు,
అతని బల్ల ఏ గుమ్మం ముందుంటే
ఆ రోజు ఆ గుమ్మానిది.
తన బల్ల తనే మోసుకు తిరుగుతాడు.
చర్చి గంట ఒక్కోసారి ఆలస్యమవుతుంది,
అతను కాడు.

ఒక్కసారి నా వంతు తప్పింది.

మా తోడు సీసాల్లో ఉండదు.
వేలంత లావు గడ్డితాడు, జడలా పేనింది.
పొంగే కుండలో రాత్రంతా ముంచి
నురగ గడ్డకట్టాక తీసి
దూలానికి వేలాడదీస్తాం.
వచ్చే వంతు దాకా పొగలో దాని నిద్ర.
నా తాడు మా అత్త ఇచ్చింది,
ఆమెకు వాళ్ళత్త.
హర్మటాన్ గాలి వీచే ఆ వారం,
పళ్ళ మధ్య కూడా దుమ్ము కరకరలాడుతుంటే,
నా చిన్నది స్టూలెక్కి ఆ తాడు దింపి
మేకపిల్లను కట్టేసింది.

మేక తాడు తినేసింది.
మూడు తరాల పులుపు
ఒక మేక కడుపులో.

అప్పటికే బెండకాడల జిగురుతో తేర్చి
కాచి, వడబోసి, చల్లార్చి ఉంచాను.
గాలే ఏదైనా తెచ్చి వేస్తుందేమోనని
మూత తీసి కూర్చున్నాను.
తెల్లవారుజామున కుండకు చెవి ఆనించాను.
కుండ కుండలాగే ఉంది.

బాయువో వచ్చాడు. బల్ల వేశాడు.
ఒక గుక్క తాగి, "బారసాలా?" అన్నాడు.
కానీ లేవలేదు. ఎక్కడికి లేస్తాడు,
ఆ రోజు నాది కదా.
ఇద్దరు తాపీవాళ్ళు, లారీ క్లీనరు,
పిల్లలకు జపాలు నేర్పే డొమీనిక్,
అందరూ తీపినీళ్ళు చప్పరిస్తూ
కాళ్ళ వేళ్ళు చూసుకున్నారు.
ఆ మధ్యాహ్నం వాడ వాడంతా తెలివిగా ఉంది.
అందరికీ పాత అప్పులు గుర్తొచ్చాయి.
చీకటిపడే లోగా మూడు తగాదాలు,
అందులో ఒకటి తాత నాటి గట్టు గురించి.

దీపం వేళకు పెర్పెతువా వచ్చింది.
కట్టెల మోపు దగ్గర మాటా మాటా అనుకుని
వానాకాలం నుంచీ మేం పలకరించుకోవడం లేదు.
చంకలో తన తాడు.
పార అంచు మీద పెట్టి రెండు ముక్కలు చేసింది,
చిన్న ముక్కేదో కొలిచి చూసి
పెద్దది నా ఒళ్ళో పడేసింది.
"నీ కోసం కాదు.
రేపు వంతు నాది.
నీ గుమ్మంలో ఎండిన గొంతులన్నీ
తెల్లారేసరికి నా మీద పడతాయి.
నా ఒక్క కాగు ఎంతమందికని?"
వెళుతూ వెళుతూ మేకను ఒక తన్ను తన్నింది.

మిగిలిన సగం కుండలో ఆ ముక్క ముంచాను.
కొత్త గడ్డి తెచ్చి దానికి కలిపి పేనుతూ కూర్చున్నాను,
పాతది ఎక్కడ ఆగిందో
కొత్తది ఎక్కడ మొదలైందో వేళ్ళకు తెలుస్తూనే ఉంది.
నాలుగో జామున
కుండలో సన్నగా ఒక చిటపట,
తర్వాత ఇంకోటి.
చిన్నదాన్ని లేపి వినిపించాను.
నిద్రలోనే తలూపింది.

మళ్ళీ నా వంతు వచ్చింది.
బాయువో బల్ల వేసి, ఒక గుక్క పట్టి,
నాలుక మీద కాసేపు ఉంచాడు.
నా గుమ్మం చూశాడు.
రోడ్డవతల పెర్పెతువా గుమ్మం చూశాడు.
వంగి, బల్ల కాళ్ళు చూసుకున్నాడు.
"ఇవాళ ఎవరిల్లు?" అన్నాడు.

కూర్చోమన్నాను.