ఎస్‌తో, జెడ్‌తో

గురువారం సాయంత్రం ఆరున్నరకి
గ్రిమ్స్‌బీ చర్చి వెనక హాల్లో ఇంగ్లీషు క్లాసు.
రెండుసార్లు నిమ్మచెక్కతో రుద్దినా
నా వేళ్ళకింకా కాడ్ చేప వాసనే.
బెరిల్ టీచరు కాగితాలు పంచింది.
ఖాళీలు పూరింపుము.
పైన గళ్ళలో మాటలు, కింద పదకొండు ఊళ్ళు.
ఏ ఊరికీ పేరు లేదు.

గటెడ్:
లోపలంతా కాలిపోయి గోడలు మిగలటం, అంది.
ఈ మాట నాకు తెలుసు,
ఫ్యాక్టరీలో పొద్దున్నించీ నేను చేసేదదే,
నిమిషానికి పద్నాలుగు చేపలు.
వాళ్ళ జట్టు ఓడిన మర్నాడు సూపర్‌వైజరు కూడా
'గటెడ్' అన్నాడు, చిప్స్ నముల్తూ.

ఫ్లాటెన్డ్‌తో వాక్యం చెప్పమంటే
మా అమ్మ కుబ్బా ముద్దని అరచేత్తో అదిమేది అన్నాను.
బెరిల్ టిక్కు పెట్టింది.

లెవెల్డ్ అంటే నేలమట్టం.
నా పనిసంచిలో ఉండేది రసమట్టం,
బుడగ నడిమికొచ్చి నిలబడేదాకా
ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి.
ఊరిని మట్టం చేసినవాడు
బుడగ చూసుకున్నాడో లేదో.

రేజ్ దగ్గర చిక్కు పడింది.
జెడ్‌తో రాస్తే పునాదులతో సహా పెకలించటం,
ఎస్‌తో రాస్తే పైకి లేపటం.
నోటికి రెండూ ఒకటే.
నేను తాపీ మేస్త్రీని.
'మోసుల్ పాతబస్తీలో ముప్ఫై ఒక్క ఇళ్ళు
నేను రేజ్ చేశాను' అన్నాను.
మారియుపోల్ స్నిజానా కలం కింద పెట్టేసింది.
కంగారుగా 'ఎస్, ఎస్' అన్నాను.
అవునంటున్నాననుకున్నారు.

'ఆ ఊరు కూల్చబడినది.'
ఎవరిచేత? అనడిగాను.
రాయొచ్చు, రాయకపోయినా తప్పు కాదు,
వాక్యం పూర్తయినట్టే, అంది బెరిల్.
మా బళ్ళో అరబ్బీ మాస్టారు
ఇలాంటి వాక్యానికి చెప్పిన పేరు
'తెలియనివాడి కోసం కట్టినది'.
వెనక బల్ల మీంచి నవ్వేవాణ్ణి:
తెలియనివాడికి ఇల్లెవడు కడతాడు సార్,
కూలి ఎవరిస్తారు?

చివరి ఖాళీలో 'మ్యాప్' అని రాయాలి.
వీధులకు వీధులు దాని మీంచి తుడిచిపెట్టుకుపోవాలి.
స్నిజానా అక్కడ ఏదో పొడుగ్గా రాసింది,
తన లిపిలో, గీత దాటి మార్జిన్‌లోకి.
బెరిల్ ఎర్రకలం మూత తీసింది.
కాసేపటికి మళ్ళీ పెట్టింది.

కుర్చీలు దొంతి పెడుతుంటే
కిటికీ కింద గోడకి చెమ్మ కనబడింది.
వేలితో నొక్కాను, పొడిపొడిగా రాలింది.
కూలదు, భయం లేదు,
గీకేసి సున్నం పెడితే ఇంకో వందేళ్ళుంటుంది
అని చెప్పాలనుకున్నాను.
కాగితమంతా వెతికాను, సున్నానికి మాట లేదు.
బెరిల్ చెయ్యి పట్టుకుని
ఆ గోడ మీద
ఎలా పుయ్యాలో చూపించాను.