నాలుగో బొడిపె

తూజ్ రేగిన మర్నాడు
మిష్రెఫ్‌లో ఇల్లంతా పచ్చపిండి చల్లినట్టుంటుంది.
డాబా నుంచి తుడుచుకుంటూ దిగి
ఆఖర్న సర్దాబులోకి వెళ్తాను.
అక్కడుంటుంది మిషాల్ బాబు మిషను.
హార్మోనీ పెట్టెలాంటిదే, తిత్తి లేదు.
మెట్ల పైన ముప్పై ఎనిమిది బొడిపెలు.
తుడిచేదాన్ని, లెక్క తప్పను.

మొదటిసారి తుడిచినప్పుడు ఇల్లెగిరేలా అరిచాడు.
మూడు రాత్రులు కూర్చుని కట్టిన శబ్దాన్ని
నా గుడ్డ ఒక్క విసురుతో చెరిపేసిందట.
శబ్దాన్ని కూడా సర్దిపెట్టుకుంటారని
నాకేం తెలుసు?
అప్పట్నుంచీ ఏ బొడిపె గీత ఎటు చూస్తోందో చూసుకుని
బ్రష్షుతో, పిచ్చికపిల్లని తుడిచినట్టు.

పరీక్ష తప్పిన నెలలో
మాట్లాడే దిక్కు లేక నాకే చెప్పుకొచ్చాడు,
సగం అరబ్బీ, సగం చేతులు.
ఇది కటాఫ్, అని తిప్పాడు.
గరగరమంటున్న శబ్దం దుప్పటి ముసుగేసుకుంది.
"తెలిసిందా, ఫేనీ?"
(సత్యవేణిలో వాళ్ల నోటికి పట్టింది అంతే.)

తెలీకేం.
ఎనిమిదేళ్లుగా ఈ ఇంటిని తలుపుల ఇవతల నుంచి వింటున్నదాన్ని.
మూసిన తలుపు మాటల్లో ముళ్లన్నీ ఏరేసి
బరువొక్కటే గుమ్మం కిందనుంచి పంపిస్తుంది.
బాబా అరిచాడని తెలుస్తుంది, ఏమన్నాడో తెలీదు.
టీ పళ్లెంతో, మోచేత్తో నెట్టేకొద్దీ
సకారాలు వస్తాయి, టకారాలు వస్తాయి,
తర్వాత నా పేరు వస్తుంది.
ఎక్కడ నెట్టడం ఆపాలో నాకు తెలుసు.
బాబు చేతికి ఇంకా రాలేదు.

పక్కది తిప్పితే ఆ అంచు దగ్గరే కూత,
గాలిదుమారంలో కిటికీ సందు వేసే ఈల.
ఇంకోటుంది, చెయ్యి పెట్టకుండానే
కటాఫ్‌ని తెరుస్తూ మూస్తూ ఉంటుంది.
దాన్నీ ఎరుగుదును.
డాబా మీద నా గది గోడకానుకుని
ఏసీ మిషను రాత్రంతా
నా నిద్రని అలాగే తిప్పుతుంది.

చివర నాలుగు బొడిపెల వరస పేరు ఎన్వలప్.
నవ్వొచ్చింది. నాకు తెలిసిన కవరు ఒక్కటే,
నెల దాటిన పదో రోజున
మామా ఉంగరాల చేత్తో ఇచ్చే నూట పది దీనార్లు.
కాదు, శబ్దం పుట్టుక నుంచి పోయేదాకా
దాని ఒళ్లు ఎలా ఉండాలో ఈ నాలుగే చెప్తాయట.
ఎంత తొందరగా లేవాలో మొదటిది.
మామా పిలుపు పుట్టడమే నిండుగా పుడుతుంది,
నా చేతిలో గిన్నె ఉలిక్కిపడుతుంది.
లేచిన పొంగు ఎంతలో కుంగాలో రెండోది.
మూడోది, నొక్కిన వేలు నొక్కినట్టే ఉంటే
ఎంతమేర నిలబడాలి అన్నది.
(మా చెల్లి పెళ్లి బాకీ కూడా అంతే,
మొదట్లో భగ్గుమంది, ఇప్పుడొక మట్టాన ఉంది.)

నాలుగోదాని పేరు చెప్పాడు. రిలీజ్.

ఆ ముక్క నాకు చెప్పాలా?
హసావీ గల్లీల్లో మావాళ్లు కలిస్తే
బాగున్నావా అనరు, రిలీజ్ దొరికిందా అంటారు.
కఫీలు సంతకం, ఒక కాగితం.
నా పాసుపోర్టు ఏ సొరుగులో ఉందో నాకు తెలుసు.
ఆ సొరుగు పైన కూడా తుడిచేది నేనే.

ఎడమకి తిప్పి మీట నొక్కి వదిలాడు,
పీక కోసినట్టు ఆగింది.
కుడికి తిప్పాడు,
వేలు లేచిపోయాక కూడా శబ్దం
తనకెవరూ చెప్పనట్టు నడుచుకుంటూ పోయింది.

వాళ్లంతా షాలేకి వెళ్లిన గురువారం
దిగి, స్విచ్చి వేశాను.
నాలుగోదాన్ని ఇక తిరగనంటే గానీ వదల్లేదు.
క్లోరాక్సు వాసనేసే వేలితో ఒక్క మీట, మధ్యది.
తీసేశాను.
బకెట్టు పట్టుకుని మెట్లెక్కాను.
పద్నాలుగో మెట్టు మీద కూడా వినపడుతోంది.
వంటింట్లో నీళ్లు విప్పాను,
కట్టేసి విన్నాను.
ఇంకా.

ఎవరు తిప్పారని బాబు అడగలేదు. వెనక్కి తిప్పనూ లేదు.
మళ్లీ తూజ్ వచ్చింది.
ముప్పై ఏడు తుడిచి ఒకటి వదిలేశాను.
మొన్న చూస్తే దాని దుమ్ములో వేలి గుర్తులు,
సన్నవి అతనివి.
వాటి పక్కన నా బొటనవేలు పెట్టి
ఊరికే, తిప్పకుండా,
కాసేపు నిలబడ్డాను.