కుడికి లాగే తోక

ఇసకపల్లి గుంటల గట్టు మీద
లేచిన రెండో నిమిషానికే తోక కుడికి లాగేది.
జైరో మార్చా. సర్వో మార్చా.
నెల రోజులు వేలితో ఎడమకి నొక్కిపెట్టి ఎగరేశా.
అయినా రెండుసార్లు రొయ్యల మధ్యనే దిగింది.
మేత చల్లే పోలయ్య తెడ్డుతో లాగిచ్చి
"ఈసారి వల కూడా తెచ్చుకో సామీ" అన్నాడు.

అల్లూరులో టీవీలు బాగుచేసే పెంచలయ్య
హెలికాప్టర్ వైపు చూడనే లేదు.
రిమోట్ వీపు విప్పి, ఎడమ స్టిక్ కింద
గోరంత గుండ్రటి బిళ్ళ చూపించాడు.
"ఉప్పుగాలి, అబ్బయా!
నువ్వు నోరు మెదపకపోయినా
ఇది పైకి ఏందో ఒకటి చెప్తానే ఉండాది."
పెట్రోల్లో ముంచిన దూది,
బ్యాటరీ రేకు మీద పచ్చటి చిలుముకి పాత బ్లేడు,
టీ తాగేంతసేపు,
ముప్పై రూపాయలు.

సాయంత్రం మళ్ళీ గట్టు.
స్టిక్‌ని పక్కకి కదపకుండా చూశా:
గాల్లో తోక, మేకు కొట్టినట్టు.
బొటనవేలు ఆనించానో లేదో
గిర్రున ఎడమకి తిరిగింది.

పోయిన తప్పుని
నా వేలు ఇంకా దిద్దుతానే ఉంది.

అవతలి గట్టున పోలయ్య
తెడ్డు కింద పెట్టలేదు.